పదిహేడో నంబరు ఆకు

ఆ పరీక్షలో ఏమీ జరక్కపోవడమే గెలుపు. గొట్టంలో పసుపు రంగు తేలిందంటే ఎంజైము తన పని తాను చేసుకుపోతోందని, ఆకు రసం దాన్ని ఆపలేకపోయిందని అర్థం. పేగుల్లో పిండిని చక్కెరగా విరగ్గొట్టేది ఆ ఎంజైమే. దాని చెయ్యి పట్టుకుని ఆపగలిగిన ఆకు దొరికితే షుగరు జబ్బుకి మందు దొరికినట్టే. అందుకని కోడలు రెండేళ్ళుగా పొద్దున్నే లాబ్‌కి వెళ్ళి, తెల్లకోటు తొడుక్కుని, గొట్టాల వరస ముందు కూర్చుని, దేవుడా ఏమీ జరక్కుండా చూడు అని కోరుకుంటూ ఉంటుంది. ఇంట్లో ఆమె కోరుకునేదీ అదే. అక్కడ మాత్రం ఎప్పుడూ ఏదో ఒకటి జరుగుతూనే ఉంటుంది.

సోమవారం నాడు పసుపు తేలింది.

మొదటి పదహారు ఆకులకి తేలినప్పుడు ఆమె పట్టించుకోలేదు. ఆకన్నాక మందే కావాలని ఎక్కడుంది? కానీ ఇది పదిహేడో నంబరు. గోడల మీద, కంచెల మీద ఎవరినీ అడక్కుండా పాకే తీగ. మేక కూడా ఒక్కసారి నోట పెట్టి మూతి తిప్పుకుని పోయేంత చేదు. పోయిన నెలలో ఈ ఆకు రసం పోసిన గొట్టాలు మంచినీళ్ళలా తేటగా ఉండిపోయాయి. ఒకసారి కాదు, ఎన్నిసార్లు చేస్తే అన్నిసార్లు. లాబ్‌లో పోలిక కోసం వాడే అసలు మందుతో సమానంగా పనిచేసింది. గైడుగారు ఆ గొట్టాన్ని కిటికీ వెలుతురులో పెట్టి, మనవణ్ణి చూసుకున్నట్టు చూసుకుని, ఆ పూటే పై అధికారులందరికీ ఫోన్లు చేసేశారు. గురువారం దీన్ని చూడడానికి కమిటీ వస్తోంది.

అప్పటి పొడి మొదటి డబ్బాది. ఇప్పుడు పసుపు తేలింది కొత్త పొడికి. అదే తీగ, అదే కంచె, అదే ఆకు.

"నీ చెయ్యి వణికుంటుంది," అన్నారు గైడుగారు.

"మూడుసార్లు చేశాను సార్. మూడుసార్లూ వణికిందంటారా?"

"ఎంజైము పాడైందేమో."

"ఎంజైము పాడైతే పసుపు రాదు సార్. ఇది భేషుగ్గా ఉంది కాబట్టే వచ్చింది."

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. ఎదుటివాళ్ళు చెప్పింది సబబుగా ఉన్నప్పుడు ఆయన చేసే పని అది. "మొదటి డబ్బాలో పొడి మిగిలిందా?"

"ఇంట్లో కొంచెం ఉంది."

"అదే పట్రా. పనిచేసేదాన్ని ఇంట్లో పెట్టుకుని, పనిచేయని దాంతో ఇక్కడ కుస్తీ దేనికమ్మా?"

లాబ్ పొడి ఇంట్లో ఎందుకుందంటే, లాబ్‌లో గ్రైండరు కాలిపోయి చాలా కాలమైంది. కొత్తదాని కోసం పెట్టిన అర్జీ ఒక బల్ల మీంచి ఇంకో బల్ల మీదికి, అక్కణ్ణించి మళ్ళీ మొదటి బల్ల మీదికి కాశీయాత్ర చేస్తోంది. చేసేదిలేక కోడలు ఆకుని ఇంటి వరండాలో నీడపట్టున ఆరబెట్టి, వంటింటి మిక్సీలో పొడి చేసి, డబ్బాలో పోసి అలమారలో పెట్టింది. ఆ తర్వాత ఎంజైము వచ్చేసరికి పుణ్యకాలం కాస్తా గడిచిపోయింది. వచ్చాక, కావలసినప్పుడల్లా రెండు చెంచాలు సీసాలో వేసుకుని లాబ్‌కి మోసుకెళ్ళేది. ఈ రెండో విడత మాత్రం, విజయగర్వంలో ఉన్న గైడుగారు పక్క డిపార్టుమెంటు వాళ్ళని బతిమాలి, వాళ్ళ యంత్రంలో ఆడించి పెట్టారు.

ఇక డబ్బా అలమారలో ఊరికే కూర్చుందా అంటే, లేదు. దానికి మామగారు తగిలారు.

*

మామగారికి షుగరు వచ్చి ఏడాది కావస్తోంది. డాక్టరు మాత్ర రాసిచ్చాడు. భోజనంలో మొదటి ముద్దతో వేసుకోవాలి. "మాత్ర మొదలుపెడితే కాటి దాకా మానలేం," అని ఆయన ఒక్కటంటే ఒక్కటి కూడా మింగలేదు. వరండాలో ఆకు ఆరుతుంటే ఇదేమిటమ్మా అని అడిగారు. అదే కోడలు చేసిన తప్పు, నిజం చెప్పింది. ఆ మర్నాటి నుంచి ప్రతి భోజనంలోనూ మొదటి ముద్దలో ఒక చెంచా పొడి.

"మామయ్యగారూ, అది ఇంకా పరీక్షలో ఉంది. మనుషులు తినొచ్చో లేదో కూడా తెలీదు."

"తెలియాలంటే ఎవరో ఒకరు తినాలి కదమ్మా," అన్నారాయన, తాను త్యాగం చేస్తున్నట్టు.

భర్తతో చెప్పి చూసింది. "మా నాన్న మాట విన్నట్టు నీకేమైనా గుర్తుందా? నాకైతే లేదు," అని అతను పేపరు తిరగేశాడు.

చిత్రమేమిటంటే, ఆయన షుగరు నిజంగానే తగ్గింది. దాంతోపాటు పొట్టలో ఉరుములు మొదలయ్యాయి. భోంచేసిన కాసేపటికల్లా ముందుగదిలో కుర్చీలోంచి గుడగుడమని చప్పుడు, దాని వెనకాల మర్యాదస్తులు వినబడనట్టు నటించాల్సిన ఇంకో చప్పుడు. మొదట్లో మామగారు దగ్గి కప్పిపుచ్చేవారు. ఇప్పుడు గర్వంగా తలెత్తి చూస్తున్నారు.

"మందు ఒంటికి పట్టిందనడానికి అదే గుర్తు," అనేవారు.

మంగళవారం సాయంత్రం కోడలు డబ్బా కోసం అలమార తీస్తుంటే మామగారు వాకింగ్ నుంచి వచ్చారు. మొహంలో కళ లేదు.

"టికెట్లాయనకి ఈ పొడి సరిపడ్డం లేదమ్మా."

టికెట్లాయన అంటే రైళ్ళలో టికెట్లు తనిఖీ చేసి రిటైరైన పెద్దాయన. మామగారి నడక నేస్తం. భార్య పోయాక ఒక్కడే ఉంటున్నాడు. కోడలి చెయ్యి డబ్బా మీదే ఆగిపోయింది.

"ఆయనకెలా వచ్చింది పొడి?"

"నేనే ఇచ్చాను. వరండాలో నువ్వు వదిలేసిన ఆకు ఉందిగా, దాన్ని మిక్సీ పట్టి పొట్లం కట్టిచ్చా. పదిరోజులైంది. వాడికి దాహం, నీరసం. కళ్ళు మసకలట. నేను అడిగా, ఏరా, పొట్టలో ఉరుముతోందా అని. అబ్బే, చడీచప్పుడూ లేదన్నాడు. అదీ సంగతి! ఉరమకపోతే మందు పట్టనట్టే."

"ఆయన మాత్రలు?"

"మానేశాడు. నేనే మాన్పించా."

కోడలు ఫోను తీసి అక్కడికక్కడే టికెట్లాయనకి చేసింది. పొడి మానెయ్యమని, మాత్రలు ఈ పూటే మొదలుపెట్టమని, రేపు డాక్టరు దగ్గరికి వెళ్ళమని, ఆకు పనిచేస్తుందో లేదో తనకే ఇంకా తెలీదని చెప్పింది. ఆయన శ్రద్ధగా విన్నాడు.

"అమ్మా, నీది వినయం. నిజంగా గొప్పవాళ్ళు ఇలాగే మాట్లాడతారు. చెంచాన్నర వేసుకుని చూస్తాలే," అని పెట్టేశాడు.

కోడలు ఫోను బల్ల మీద బోర్లా పెట్టింది. మామగారు కుర్చీలో సర్దుకున్నారు. మధ్యాహ్నం భోజనం తాలూకు గుడగుడ మళ్ళీ మొదలైంది. ఆమె ఎప్పటిలా వినబడనట్టు నటించబోయి, ఆగిపోయింది.

ఒకే తీగ. ఒకరికి ఉరుములు, ఇంకొకరికి చడీచప్పుడూ లేదు. ఒక డబ్బాకి తేటనీరు, ఇంకో డబ్బాకి పసుపు. ఉరిమిన చోట షుగరు తగ్గింది. లాబ్‌లో పోలిక కోసం వాడే ఆ అసలు మందు గురించి ఏ పుస్తకం తెరిచినా మొదటి పేజీలోనే ఉంటుంది: దీన్ని వేసుకుంటే, విరగని పిండి కింది పేగుల్లోకి దిగి గ్యాసు పుట్టిస్తుందని. ఆ మందునే మాత్రగా చేసి మందుల షాపులో అమ్ముతారు.

భోజనంలో మొదటి ముద్దతో వేసుకోవాలి.

ఆమె డబ్బా మూత తీసి చూసింది. ఆకుపచ్చ పొడి. అమాయకంగా ఉంది.

*

బుధవారం పొద్దున వంటింట్లో అత్తగారు మిక్సీ చిన్నజారు కడుగుతున్నారు. ఆవిడ గిన్నెలు కడిగేటప్పుడు ఎంత చప్పుడు చేస్తారంటే వీధిలో వాళ్ళకి కూడా ఎన్ని గిన్నెలో తెలిసిపోతుంది. ఈ జారుని మాత్రం నిశ్శబ్దంగా కడుగుతున్నారు. కోడలు వెళ్ళి పక్కన నిలబడింది. గట్టు మీద మూత వెల్లకిలా పడుంది. దాని రబ్బరు అంచు లోపల సున్నం పూసినట్టు తెల్లటి గీత.

"అత్తయ్యా, దీంట్లో ఏం పట్టారు?"

"ఏదో పట్టాలే."

"మామయ్యగారి మాత్రలా?"

అత్తగారు కుళాయి కట్టేశారు. చేతులు చీర చెంగుకి తుడుచుకున్నారు. ఒక వేలు తర్వాత ఒక వేలు, తీరుబడిగా. దొరికిపోయినవాళ్ళ తొందర ఆవిడలో ఎక్కడా లేదు.

"మరి? ఊరికే పడుండనివ్వనా? చేత్తో ఇస్తే కిటికీలోంచి పారేశారు. మంచినీళ్ళలో కలిపితే రంగు చూసి పారబోశారు. నీ పొడి అనేసరికి మారు మాట్లాడకుండా మింగుతున్నారు. వారానికోసారి మెత్తగా పట్టి డబ్బాలో కలిపేస్తున్నా."

"ఆ డబ్బాలో! నేను లాబ్‌కి తీసుకెళ్ళే డబ్బాలో!"

"ఇంట్లో ఇంకో డబ్బా ఉందా ఏం?"

కోడలు గట్టుకి చేరబడింది. అరవాలనిపించింది గానీ ముందుగదిలో మామగారున్నారు. అందుకని గుసగుసగానే అరిచింది. "రెండేళ్ళ పని అత్తయ్యా! రేపు కమిటీ వస్తోంది. ఆకులో మందుందని ఊరంతా చెప్పుకున్నాం!"

"ఉందిగా. నువ్వు ఆకులో మందు వెతికావు, నేను ఆకులో మందు వేశాను. వెతకడం కంటే వెయ్యడం సులువని చదువుకున్నదానివి నీకు తెలీదా?"

"ఒక చెంచాలో ఎంత మందు పోతోందో ఎలా తెలుస్తుంది మీకు?"

"ఇన్నేళ్ళ కాపురంలో ఆయనకి ఎంత ఉప్పు పడుతుందో కొలిచి వేశానా? చెయ్యే చెబుతుంది."

"ఉప్పు వేరు, మాత్ర వేరు!"

"రెండూ ఎక్కువైతే అరుస్తారు. అరవలేదుగా."

కోడలు "మరి టికెట్లాయన పొట్లం?" అంది.

"అందులో ఉత్త ఆకే. ఊళ్ళోవాళ్ళందరికీ నేనెక్కడ కొనిపెట్టను మాత్రలు?" అన్నారు అత్తగారు. తర్వాత మొహం కాస్త మారింది. "ఏం? ఆయనకేమైనా అయిందా?"

"మామయ్యగారి మాట నమ్మి మాత్రలు మానేశాడు. కళ్ళు మసకలట. నేను చెబితే వినడం లేదు."

అత్తగారు జారుని బోర్లించారు. ఈసారి చప్పుడైంది. "నాకేం తెలుసు, ఈయన దానాలు మొదలుపెడతారని," అన్నారు నెమ్మదిగా.

*

గైడుగారు అంతా విన్నారు. కళ్ళజోడు తుడిచారు. మళ్ళీ తుడిచారు.

"ఇది ఇంకెవరికి చెప్పావు?"

"ఎవరికీ లేదు సార్."

"మంచిది. రేపు గడవనీ. ఆ తర్వాత తీరిగ్గా, అడ్డంకులు వచ్చాయని రిపోర్టు రాసుకుందాం."

"రేపు డబ్బాలో పొడితో చేసి చూపిస్తే మోసం కదా సార్?"

"నిన్ను అబద్ధం చెప్పమన్నానా? అడగనిది చెప్పొద్దంటున్నాను. రెండు గొట్టాలు పెట్టు. ఒకటి ఎంజైము ఒక్కటే, ఒకటి పదిహేడో నంబరు పోసి. ఒకటి పసుపు, ఒకటి తేట. వాళ్ళు తలాడిస్తారు, టీ తాగుతారు, వెళ్తారు. నీ థీసిస్ కూడా దాని మీదే ఉందని మర్చిపోకు. ఇది పోతే మళ్ళీ పద్దెనిమిది నుంచి మొదలు. ఇంకెన్నాళ్ళు పడుతుందో నాకూ తెలీదు, నీకూ తెలీదు."

అది బెదిరింపు కాదు, నిజం. అందుకే ఎక్కువ బాధించింది. ఆమె వచ్చి గొట్టాలు కడిగింది. కడిగినవాటినే మళ్ళీ కడిగింది. కమిటీ తలాడిస్తే ఆ వార్త మామగారి దాకా, మామగారి నుంచి టికెట్లాయన దాకా వెళ్తుంది. చెంచాన్నర కాస్తా రెండు చెంచాలవుతుంది.

సాయంత్రం ఇంటికి వెళ్తూ మందుల షాపు దగ్గర ఆగి, మామగారి మాత్రలే ఒక అట్ట కొంది. షాపతను, "మీ అత్తగారు మొన్ననే తీసుకెళ్ళారు కదమ్మా!" అన్నాడు.

"తెలుసు," అంది కోడలు. "ఆలస్యంగా తెలిసింది."

*

గురువారం కమిటీలో ముగ్గురు వచ్చారు. ఒకాయన వస్తూనే కుర్చీలో సర్దుకుని కళ్ళు మూశారు. ఒకాయన ఫోను చూసుకుంటున్నారు. పొట్టి జుట్టావిడ ఒక్కతే బల్ల దగ్గరికి వచ్చి నిలబడింది. గైడుగారు ప్రకృతి ఒడి గురించి, పూర్వుల విజ్ఞానం గురించి చాలాసేపు మాట్లాడి, "ఇప్పుడు మా అమ్మాయి చేసి చూపిస్తుంది," అన్నారు.

కోడలు స్టాండు తెచ్చి బల్ల మీద పెట్టింది. అందులో నాలుగు గొట్టాలున్నాయి.

గైడుగారి చెయ్యి కళ్ళజోడు మీదికి వెళ్ళింది.

ఆమె ఎవరి వైపూ చూడలేదు. ఒక్కో గొట్టంలో కొలిచి ఎంజైము వేసింది. మొదటిదాంట్లో ఇంకేమీ లేదు. రెండోదాంట్లో డబ్బా పొడి రసం, మూడోదాంట్లో కొత్త ఆకు రసం, నాలుగోదాంట్లో ఇంకో రసం పోసింది. వేడినీళ్ళ తొట్టిలో నిలబెట్టింది. కళ్ళు మూసుకున్నాయన గురక సన్నగా వినబడుతోంది. కాసేపయ్యాక ఆఖరి ద్రావణం వేసి, స్టాండు ఎత్తి కిటికీ ముందు పెట్టింది.

మొదటిది పసుపు. మూడోది దాని కవలపిల్లలా పసుపు. రెండోది, నాలుగోది తేట.

"ఒకే ఆకుకి రెండు రంగులా?" అంది పొట్టి జుట్టావిడ. "నాలుగోది ఏమిటి?"

"మందుల షాపులో దొరికే షుగరు మాత్రండీ. నూరి పోశాను. డబ్బా పొడిలో ఉన్నదీ అదే అనుకుంటున్నాను. ఆకులో మందు లేదు."

"మాత్ర ఆకుపొడిలోకి ఎలా వచ్చింది?"

కోడలు రెండేళ్ళ చదువులో ఈ ప్రశ్నకి తయారు కాలేదు. "మా అత్తగారు కలిపారండీ."

గురక ఆగిపోయింది. ఆయన కళ్ళు తెరిచి, "ఎవరు?" అన్నారు.

ఆమె మొత్తం చెప్పింది. కాలిపోయిన గ్రైండరు, వంటింటి మిక్సీ, మామగారి పంతం. ఉరుముల దగ్గరికి వచ్చేసరికి ఫోను చూసుకుంటున్నాయన ఫోను జేబులో పెట్టేశారు. పొట్టి జుట్టావిడ నవ్వాపుకోలేక కిటికీ వైపు తిరిగింది. నవ్వనిది గైడుగారొక్కరే.

నవ్వడం అయ్యాక ఆవిడ, "లాబ్‌లో గ్రైండరు లేకుండా రెండేళ్ళా?" అని అడిగింది, ఈసారి గైడుగారిని చూసి. "ముందు అది తెప్పించండి. సంతకం ఇప్పుడే పెడతాను. పదిహేడో నంబరు మూసెయ్యండి."

రెండేళ్ళ అర్జీలకి కదలని గ్రైండరు, ఒక్క ఓటమితో మంజూరైంది.

అందరూ వెళ్ళాక గైడుగారు చాలాసేపు ఆ రెండో గొట్టాన్నే చూశారు. "రెండు పెట్టమన్నాను," అన్నారు చివరికి.

"అవును సార్."

"నా పరువు తీశావు." తలుపు దాకా వెళ్ళి, వెనక్కి తిరక్కుండానే, "పద్దెనిమిదోది ఏం ఆకో చూడు," అన్నారు.

ఆమె గొట్టాలు కడగడానికి కూర్చుంది.

*

"ఏమన్నారమ్మా పెద్దలు? మన పొడి గెలిచిందా?"

మామగారు కంచం ముందు కూర్చునున్నారు. పక్కన డబ్బా, డబ్బాలో చెంచా. అత్తగారు వంటింటి గుమ్మంలోంచి కోడలికి తల అడ్డంగా ఊపారు. చెప్పకు అని. ఆ ఊపులో బతిమాలడం కూడా ఉంది. కోడలు అది ఎప్పుడూ చూడలేదు.

ఆమె వచ్చి మామగారి ఎదురుగా కూర్చుంది. డబ్బాని తన వైపుకి జరుపుకుంది.

"ఆకులో ఏమీ లేదు మామయ్యగారూ. చేదు తప్ప ఏమీ లేదు. మీకు తగ్గించింది మాత్ర. అత్తయ్య నూరి ఇందులో కలుపుతున్నారు."

మామగారు భార్య వైపు చూశారు. "ఎన్నాళ్ళ నుంచి?"

"మీరు కిటికీలోంచి పారేసిన మరుసటి వారం నుంచి," అన్నారు అత్తగారు.

"అంటే నాకు నయం చేసింది నా నమ్మకం కాదన్నమాట."

"నమ్మకంతో ఉరుముతుందా?"

ఆయన కంచం ముందు నుంచి లేచారు. చెప్పులు వేసుకున్నారు. ఎడమది కుడికి, కుడిది ఎడమకి వేసుకుని, తిట్టుకుని, మార్చుకుని, గేటు ధడాలున తీసుకుని వెళ్ళిపోయారు.

"చెప్పకుండా ఉంటే ఏం పోయేది?" అన్నారు అత్తగారు.

"టికెట్లాయన పోయేవాడు."

అత్తగారు మామగారి కంచం మీద మూత పెట్టి, ఆ మూతని చూస్తూ కూర్చున్నారు. కోడలు డబ్బాలో పొడినంతా కాగితంలో కట్టి చెత్తబుట్టలో పడేసింది. ఆ డబ్బా అంత చోటు పట్టిందని అప్పటిదాకా తెలీలేదు గానీ, అది లేక అలమార బోసిపోయింది.

అన్నం చల్లారాక గేటు చప్పుడైంది. మామగారు వచ్చి కాళ్ళు కడుక్కుని మూత తీశారు.

"వాడు నమ్మలేదు," అన్నారు, కంచంతోనే చెబుతున్నట్టు. "మీ కోడలికి వినయం ఎక్కువ అంటాడు. ఒరే, మందు ఆకు కాదురా, నా పెళ్ళాం వేసింది అని చెప్పా. అప్పుడు నమ్మాడు." అన్నం కలపడం మొదలుపెట్టారు. "మరి నాకెవరు వేస్తారు అన్నాడు."

అత్తగారు చారు గిన్నె ఆయన దగ్గరికి జరిపారు.

"నేనే వేస్తానని చెప్పి వచ్చా. ఈ పూటది దగ్గరుండి మింగించా. రేపు పొద్దున డాక్టరు దగ్గరికి తీసుకెళ్తా. మందు మానితే తోలు తీస్తానన్నా." ఆ మాట ఆయన ఎవరిని అన్నారో ఆయనకే అప్పుడు తట్టినట్టుంది. తర్వాత భార్య వైపు చూడకుండానే అరచెయ్యి చాపారు.

అత్తగారు అట్టలోంచి ఒక మాత్ర చిదిమి ఆ చేతిలో పెట్టారు. నూరని మాత్ర, గుండ్రంగా, తెల్లగా. మామగారు దాన్ని మొదటి ముద్దలో పెట్టుకుని నమిలారు. అనుమానంగా మొహం చిట్లించారు.

"చేదే లేదు. ఇది పనిచేస్తుందంటావా అమ్మా?"

"పరీక్షించి చూశాను మామయ్యగారూ. ఇదొక్కటే పనిచేస్తోంది," అంది కోడలు.

ఆయన నమ్మనట్టే భోజనం ముగించి, వెళ్ళి తన కుర్చీలో కూర్చున్నారు. అత్తాకోడళ్ళిద్దరూ వంటిల్లు సర్దుతున్నారు, మామూలు కంటే మెల్లగా. గిన్నె గిన్నెకి తగలనివ్వడం లేదు. ఇద్దరి చెవులూ ముందుగదిలోనే ఉన్నాయి.

కాసేపటికి కుర్చీలోంచి గుడగుడమంది.

అత్తగారు చేతిలో గిన్నెని ఇప్పుడు నిశ్చింతగా, వీధంతా వినపడేలా బోర్లించారు.

"పట్టింది," అన్నారు.